పెళ్ళి వీడియోలకి లినక్స్ మింట్, కెడెన్‌లైవ్: గుంటూరులో ఒక మిక్సింగ్ గది నుంచి రివ్యూ

ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇద్దామని కూర్చున్నా, రాస్తూ రాస్తూ మూడున్నరకి దిగా. ఆ అర తగ్గించింది వీడియోలు కట్ చేసే ఈ కెడెన్‌లైవ్ ప్రోగ్రామ్ రాసినవాళ్ళ మీద కోపంతో కాదు. అసలు ఆ అర వాళ్ళ ఖాతాలో వేయాల్సింది కూడా కాదు. వేయాల్సింది సాఫ్ట్‌వేర్ పేటెంట్ల ఖాతాలో, ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు: పాత సిస్టమ్ ఉండి, పెళ్ళి వీడియోలు కట్ చేసుకునేవాళ్ళయితే విండోస్ బదులు లినక్స్ మింట్, దాని మీద కెడెన్‌లైవ్ పెట్టుకోండి, పని జరుగుతుంది. ఆల్బమ్ డిజైనింగే మీ ప్రధానమైన పనయితే వద్దు.

మాది అరండల్‌పేటలో మేడమీద ఒక గది. ఒక ఏసీ, రెండు సిస్టమ్‌లు, ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే కీచుమనే ఒక యూపీఎస్, నేను, మా ఎడిటర్ కుర్రాడు. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, అప్పుడప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళకి ప్రభల వీడియో. అందరిలాగే మేమూ పదేళ్ళు దొంగ సాఫ్ట్‌వేర్ మీదే బతికాం, అందులో దాచేదేముంది. ఒకాయన వచ్చి పెన్‌డ్రైవ్‌తో అన్నీ ఎక్కించి ఐదొందలు తీసుకుని వెళ్ళేవాడు. ఒక మాఘమాసంలో పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేస్తే ఫైళ్ళన్నిటికీ పేరు చివర ఏవో పిచ్చి అక్షరాలు, తెర మీద డబ్బు కట్టమని ఇంగ్లీషులో ఒక చీటీ. సత్తెనపల్లి వైపు పెళ్ళి ఒకటి పూర్తిగా అందులోనే ఉంది. ఎక్కించినాయన ఫోన్ ఎత్తడు. పెళ్ళికూతురి నాన్నగారికి విషయం చెప్తే ఆయన కేకలేయలేదు, మెల్లగా ఒక్క మాటన్నారు, "అయితే బాబూ, మళ్ళీ తాళి కట్టించమంటావా?" దేవుడి దయవల్ల రెండో కెమెరా కార్డు ఇంకా ఫార్మాట్ కొట్టలేదు, దాంట్లోంచి ఎలాగో లాగి ఇచ్చాం. కానీ ఆ మాట ఇప్పటికీ నిద్రలో వినబడుతుంది.

అప్పుడొచ్చాడు మా మేనల్లుడు, ఇంజినీరింగ్ మూడో ఏడు. "దొంగది ఎందుకు మామయ్యా, న్యాయంగా ఫ్రీగా ఇచ్చేది ఉండగా" అన్నాడు. ఫ్రీగా వచ్చేవాటిల్లో బాగుండేది పెళ్ళి భోజనం ఒక్కటేరా అన్నాను. వాడు వినే రకం కాదు. ఆ ఆదివారమే ఒక సిస్టమ్ తుడిచేసి లినక్స్ ఎక్కించేశాడు. మొదట వేసింది మింట్ కాదు, ఒక అమెరికా కంపెనీ అండతో వచ్చే రకం. చూడ్డానికి చాలా నీటుగా ఉంది. కార్డు పెట్టి డ్రోన్ షాట్ తెరిచా, తెర నల్లగా ఉండిపోయింది. కెమెరా ఫైలు, అదీ నలుపే. పెళ్ళికొడుకు స్నేహితుడు ఐఫోన్‌తో తీసిన బారాత్ కూడా అంతే. "ఇదేంట్రా, వీడియో గదిలో వీడియో ఆడని కంప్యూటర్ పెట్టావ్" అంటే వాడు తలగోక్కుని, "ఆడించడం రాక కాదు మామయ్యా, ఆడించే ప్రోగ్రామ్ ఉంది, ఇవ్వడానికి వాళ్ళకి అనుమతి లేదు, పేటెంట్లు" అన్నాడు. నా సినిమా నేను తీసి, నా కంప్యూటర్లో నేను చూసుకోవడానికి ఎవడి అనుమతి అని నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే నెల్లాళ్ళు కనబడినవాడినల్లా అడిగి తెలుసుకున్నా. లాయర్ని కాను, తెలిసినంత చెప్తా.

ముందు కెమెరా ఏం చేస్తుందో చూడండి. పెళ్ళి మండపం వెనక పూల తెర రెండు గంటలు కదలదు. కదిలేది పంతులుగారి చెయ్యి, హోమం పొగ, అటూ ఇటూ తిరిగే పిల్లలు. సెకనుకి పాతిక బొమ్మలు, ప్రతి బొమ్మలోనూ ఆ పూలన్నీ మళ్ళీ మళ్ళీ రాసుకుంటూ పోతే కార్డు పది నిమిషాల్లో నిండిపోతుంది. అందుకని బొమ్మని చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఏ గడి కదిలింది, ఎటు కదిలింది, ఎంత మారింది అన్నది మాత్రమే రాసుకుంటుంది. 2003లో వచ్చిన హెచ్.264 అనే పద్ధతిలో ఆ గడి 16×16 చుక్కలు, 2013లో వచ్చిన హెచ్.265లో 64×64 దాకా పెద్దది చేసుకోవచ్చు, అందుకే కదలని పూల తెరని ఇంకా తక్కువ చోటులో చుట్టేస్తుంది, ఇంచుమించు సగం సైజులో అదే నాణ్యత. అద్భుతమైన పనే, కాదనను. ఈ గళ్ళు కోసే విధానం, కదలికని ముందే అంచనా వేసే విధానం, అంచులు నునుపు చేసే విధానం, ఇలా ఒక్కో ముక్క మీదా ఎవరో ఒకరికి పేటెంట్ ఉంది.

ఇక్కడ మా ఎడిటర్ కుర్రాడికో అనుమానం వచ్చింది. "అన్నా, వాళ్ళ ప్రోగ్రామ్ కాపీ కొట్టకుండా మనోళ్ళు సొంతంగా రాసుకున్నారు కదా, ఇంకేంటి?" చాలామంది ఇక్కడే పొరబడతారు. గోంగూర పచ్చడి మీద ఎవరో రాసిన పుస్తకాన్ని జిరాక్స్ తీసి అమ్మితే తప్పు, అది కాపీరైట్. ఆ పుస్తకం మొహం కూడా చూడకుండా మీ వంటింట్లో మీరే మిరపకాయలు వేయించి గోంగూరలో నూరుకుంటుంటే, "వేయించి నూరడం అనే ఆలోచన నాది, రోలు ఎవరిదైనా నాకు డబ్బు కట్టాల్సిందే" అని ఒకడు గుమ్మంలో నిలబడితే, అది పేటెంట్. సొంతంగా రాయడం కాపీరైట్ నుంచి కాపాడుతుంది గానీ పేటెంట్ నుంచి కాపాడదు. అర్జీ పెట్టిన రోజు నుంచి 20 ఏళ్ళు అంతే సంగతులు.

డబ్బే కదా, కట్టేస్తే పోదా అంటారేమో. హెచ్.264 పేటెంట్లున్న కంపెనీలన్నీ కలిసి ఎంపెగ్ ఎల్‌ఏ అనే ఒకే కౌంటర్ పెట్టుకున్నాయి, ఇప్పుడది వయా అనే సంస్థ చేతిలో ఉంది. దాని రేటు చూస్తే నవ్వొస్తుంది. ఆడించే లేదా రాసే ప్రోగ్రామ్ ఏడాదికి లక్ష కాపీల దాకా ఉచితం, ఆ పైన కాపీకి 20 సెంట్లు, 50 లక్షలు దాటితే 10 సెంట్లు. పెద్ద కంపెనీకి ఇది చాయ్ ఖర్చు. కానీ లినక్స్‌ని ఎవరు లెక్కపెట్టాలి? మా మేనల్లుడి పెన్‌డ్రైవ్ నుంచి వాళ్ళ హాస్టల్లో ఎంతమంది ఎక్కించుకున్నారో వాడికే తెలీదు. పైగా లినక్స్ గుండెకాయకున్న జీపీఎల్ అనే లైసెన్సులో ఒక షరతు ఉంది: నువ్వు పొందిన స్వేచ్ఛే నీ దగ్గర తీసుకున్నవాడికీ అందాలి, మధ్యలో పేటెంట్ అడ్డొచ్చి అలా అందించలేకపోతే అసలు పంచనే కూడదు. అంటే "నేను డబ్బు కట్టా, నాకొక్కడికే అనుమతి" అనే మాట అక్కడ చెల్లదు. కాపీకింత అని వసూలు చేసే కౌంటరూ, కాపీలు ఎన్నయినా తీసుకోండి అనే ఇల్లూ ఒక వీధిలో ఇమడవు. గొడవంతా ఇదే, డబ్బు ఎంతన్నది తర్వాత సంగతి.

ఒక పక్క మాట. అదే రేటు చీటీలో పన్నెండు నిమిషాలు దాటిన వీడియో ఒక్కోటి అమ్మితే ధరలో 2 శాతమో 2 సెంట్లో, ఏది తక్కువైతే అది అని ఉంటుంది. మీ కెమెరాతో వచ్చిన చిన్న పుస్తకం చివరి పేజీలు తిప్పి చూడండి, చాలా కెమెరాల్లో చీమతలకాయంత అక్షరాలతో ఒక పేరా ఉంటుంది, ఈ లైసెన్సు సొంత వాడకానికి, వ్యాపారం కాని వాడకానికి అని. మరి నాది వ్యాపారమే కదా! పన్నెండు నిమిషాలేం ఖర్మ, మా పెళ్ళి మూడు గంటలు. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదనుకోండి, కానీ అది చదివిన రోజు కాసేపు కాళ్ళు వణికాయి.

హెచ్.265 ఇంకా ఘోరం. దీనికి ఒక కౌంటర్ కాదు, ఎంపెగ్ ఎల్‌ఏ ఒకటి, హెచ్‌ఈవీసీ అడ్వాన్స్ ఒకటి, వెలోస్ మీడియా అని ఇంకొకటి పుట్టుకొచ్చాయి, వీటిల్లో దేంట్లోనూ చేరకుండా విడిగా వసూలు చేసుకునేవాళ్ళు కొందరు. మిర్చి యార్డులో ఒకే టిక్కీకి ముగ్గురు కమీషనుదార్లు చెయ్యి చాపినట్టు. 2022 సెప్టెంబరులో ఫెడోరా అనే లినక్స్ రకం తయారుచేసేవాళ్ళు గ్రాఫిక్స్ చిప్పు సాయంతో హెచ్.264, హెచ్.265 ఆడించే వీలుని కూడా తీసేశారు, ప్రోగ్రామ్ పాడై కాదు, లాయర్ల సలహా మీద. పనిచేస్తున్న దాన్ని కోసి పక్కన పెట్టడం అంటే ఇదే.

సరే, మింట్ సంగతి. ఉబుంటు అనే ఇంకో లినక్స్ మీద కట్టిన రకం ఇది, 2006 నుంచీ ఉంది. ఎక్కించేటప్పుడు "మల్టీమీడియా కోడెక్‌లు (అంటే వీడియో, ధ్వని ఫైళ్ళని ఆడించే ముక్కలు) కూడా వేయమంటావా" అని ఒక చిన్న గడి చూపిస్తుంది, టిక్ పెడితే అన్నీ ఆడతాయి, పెట్టకపోతే మా పాత కథే. ఆ ఒక్క గడి వెనక ఎంత భయం దాగుందో ఇప్పుడు తెలుస్తోంది కదా. అందరూ వాడే వీఎల్‌సీ ఇన్నేళ్ళుగా ఏది పెట్టినా ఎందుకాడుతుందంటే దాన్ని నడిపే వీడియోల్యాన్ సంస్థ ఫ్రాన్స్‌లో ఉంది, అక్కడి చట్టం ప్రకారం సాఫ్ట్‌వేర్‌కి పేటెంట్ చెల్లదన్నది వాళ్ళ వాదన. ఒకే ప్రోగ్రామ్, సముద్రానికి ఇటు న్యాయం, అటు నేరం.

ఇప్పుడు అసలు రివ్యూ. టిక్ పెట్టి మింట్ వేసుకున్నాక కెడెన్‌లైవ్ మా ఫైళ్ళన్నీ తెరిచింది. దీని లోపల పనిచేసేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, అది అరగని వీడియో నేనింతవరకూ చూళ్ళేదు. మా సిస్టమ్ ఎనిమిదేళ్ళ కిందటి ఐ5, 16 జీబీ ర్యామ్. డ్రోన్ హెచ్.265 ఫైళ్ళు నేరుగా వేస్తే టైమ్‌లైన్ నత్తలా నడుస్తుంది, అందుకని ప్రాక్సీ పెట్టుకోవాలి. అంటే ప్రతి ఫైలుకీ చిన్న తేలిక కాపీ చేసుకుని, కట్ చేసేటప్పుడు దాన్ని చూపించి, చివర రెండర్‌లో అసలు ఫైలు వాడుతుంది. రాత్రి భోజనానికి వెళ్ళేముందు ప్రాక్సీలు పెట్టి వెళ్తే తిరిగొచ్చేసరికి సిద్ధం. మూడు కెమెరాల తలంబ్రాలు పక్కపక్కన పెట్టి ధ్వనితో కలుపుకోవడం కూడా బానే కుదిరింది, మేళం మోతలో కూడా సరిగ్గానే పట్టుకుంది. ఎఫెక్ట్ మీద ఎఫెక్ట్ కుప్పపోసినప్పుడు రెండుసార్లు దానంతటదే మూసుకుపోయిన మాట నిజం, తిరిగి తెరిస్తే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే ఇచ్చింది. అయినా ప్రతి పది నిమిషాలకీ సేవ్ కొట్టండి, అది ఏ సాఫ్ట్‌వేర్‌కైనా చెప్పే మాటే.

తెలుగు టైటిళ్ళు చూసి నిజంగా ముచ్చటేసింది. పాత పద్ధతిలో అను ఫాంట్లతో కొట్టి, అక్కణ్ణుంచి బొమ్మగా చేసి తెచ్చుకునేవాళ్ళం, "లక్ష్మీ"లో క్ష విరిగిపోయి పెళ్ళికూతురి పేరే మారిపోయిన సందర్భాలున్నాయి. ఇందులో యూనికోడ్‌లో నేరుగా కొట్టొచ్చు, ఒత్తులు చక్కగా కూర్చుంటాయి. సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన మండలి, రామభద్ర, పొన్నాల లాంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సులోనే ఉన్నాయి, శుభలేఖ వీడియోకి రామభద్ర వేస్తే బొద్దుగా నిండుగా ఉంటుంది. దీంట్లోనూ పేటెంటు కథుంది. తెర మీద చిన్న అక్షరాలు స్ఫుటంగా కనబడేలా దిద్దే ఒక పద్ధతి మీద యాపిల్‌కి పేటెంట్లుండేవి, అందుకని లినక్స్‌లో అక్షరాలు గీసే ఫ్రీటైప్ అనే ప్రోగ్రామ్‌లో ఆ భాగం రాసి కూడా మూసిపెట్టి ఉంచారు. 2010 మేలో గడువు తీరాక తాళం తీశారు. ప్రోగ్రామ్ అదే, మారింది క్యాలెండర్ ఒక్కటే.

ఇలా చూస్తూ పోతే మా గదిలో ప్రతి వస్తువుకీ ఒక తారీఖు ఉంది. మా దగ్గరున్న నాదస్వరం పాటలన్నీ ఎంపీ3లు. దాని లైసెన్సు వసూళ్ళని జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ వాళ్ళు 2017 ఏప్రిల్ 23న ఆపేశారు, అప్పటిదాకా లినక్స్‌లో పాట వినడానికి కూడా పక్కదారి. పుట్టినరోజుకి పంపుకునే గిఫ్ బొమ్మల కుదింపు పద్ధతి మీద పేటెంటు యూనిసిస్ అనే కంపెనీది, అమెరికాలో 2003 జూన్‌లో తీరింది. వాళ్ళ వసూళ్ళ బాధ పడలేకే పీఎన్‌జీ అనే కొత్త బొమ్మ రకాన్ని కొందరు పనిగట్టుకుని తయారుచేశారు, ఇవాళ మేం లోగోలన్నీ దాంట్లోనే పెడతాం. కీడులో మేలు.

మెమరీ కార్డు కథ అన్నిటికన్నా నాకు నచ్చింది. 32 జీబీ దాటిన కార్డులన్నీ ఫైళ్ళు సర్దుకోడానికి ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతితో వస్తాయి, అది మైక్రోసాఫ్ట్‌ది. అంతకుముందున్న ఫ్యాట్‌లో పొడుగు ఫైలు పేర్లు రాసుకునే విధానం మీద కూడా వాళ్ళకి పేటెంట్లుండేవి, 2009లో టామ్‌టామ్ అనే దారి చూపించే పరికరాల కంపెనీ మీద కేసు వేసి నెల దాటిన కొద్ది రోజులకే రాజీ చేసుకున్నారు. ఫైలుకి పొడుగు పేరు పెట్టినందుకు! అంతకు రెండేళ్ళ ముందు, 2007లో, లినక్స్ తదితర స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లు తమ 235 పేటెంట్లని తొక్కుతున్నాయని ఆ కంపెనీయే అంది. అదే కంపెనీ 2018 అక్టోబరులో ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరింది. లినక్స్ మీద ఒకరి మీద ఒకరం పేటెంట్ కేసులు వేసుకోం అని ఒప్పుకున్న కంపెనీల కూటమి అది, 2005లో పెట్టారు, మైక్రోసాఫ్ట్ తీసుకొచ్చిన పేటెంట్లు దాదాపు 60,000. మరుసటి ఏడు ఆగస్టులో ఎక్స్‌ఫ్యాట్ వివరాలు బయటపెట్టేసింది, ఆ ఏడాది చివర్లోనే లినక్స్ 5.4లో అది చేరిపోయింది. ఇవాళ నేను 128 జీబీ కార్డు పెడితే కిక్కురుమనకుండా తెరుచుకోవడం వెనక ఇంత రాయబారం నడిచింది. వాళ్ళకి మంచితనం పుట్టుకొచ్చిందనుకోను, క్లౌడ్ వ్యాపారం లినక్స్ మీద నడుస్తుంటే దాన్ని కొట్టుకోవడం దండగని లెక్కేసుకుని ఉంటారు. ఏదైతేనేం, నా కార్డు తెరుచుకుంది.

ఫొటోలు దించుకోడానికి షాట్‌వెల్ వాడుతున్నాం, తేలిగ్గా ఉంటుంది. దీని మీద కూడా 2019లో అమెరికాలో కేసు పడింది. వేసింది రోత్‌షైల్డ్ పేటెంట్ ఇమేజింగ్ అనే సంస్థ, దీనికి కెమెరా లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, చేతిలో పేటెంట్లు, పక్కన లాయర్లు. ఇలాంటివాళ్ళని పేటెంట్ ట్రోల్స్ అంటారట. మా అమ్మమ్మయితే పొలం దున్నకుండా గట్టు తగాదా మీద బతికేవాళ్ళు అనేది. మామూలుగా ఎవరైనా కోర్టు ఖర్చులకి జడిసి ఎంతో కొంత పారేసి వదిలించుకుంటారు, వీళ్ళ బతుకుతెరువే అది. షాట్‌వెల్ వెనకున్న గ్నోమ్ ఫౌండేషన్ మాత్రం తలొంచలేదు, జనం నుంచి చందాలు పోగుచేసి నిలబడింది. 2020 మేలో రాజీ కుదిరింది, తన దగ్గరున్న పేటెంట్లేవీ గ్నోమ్ మీదే కాదు, ఆమోదం పొందిన ఓపెన్ సోర్స్ లైసెన్సుతో వచ్చే ఏ సాఫ్ట్‌వేర్ మీదా వాడనని అవతలివాళ్ళు రాసిచ్చారు. కెమెరా నుంచి ఫొటోలు దించుకునే చిన్న ప్రోగ్రామ్ రాసినవాళ్ళకి ఇంత యుద్ధం అవసరమా చెప్పండి.

బాగాలేనివి కూడా చెప్పాలి. సినిమావాళ్ళు రంగులు దిద్దే పేరున్న ప్రోగ్రామ్ ఒకటి లినక్స్‌కి కూడా దొరుకుతుంది, ఉచిత రకం కూడా ఉంది. సంబరపడి దించుకున్నా. మా కెమెరా హెచ్.264 ఫైలు వేస్తే ఆ ఉచిత రకంలో బొమ్మా లేదు, ధ్వనీ లేదు. కారణం మళ్ళీ అదే లైసెన్సు లెక్క అని ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ముందు వేరే రకంలోకి మార్చుకుని తెచ్చుకోవాలి, ఒక్క పెళ్ళికి డిస్కు నిండిపోయింది, వదిలేశా. ఆల్బమ్ పనికి గింప్ ప్రయత్నించాం, మామూలు దిద్దుడుకి బాగుంది గానీ బజార్లో కొనుక్కున్న ఫొటోషాప్ పీఎస్‌డీ డిజైన్లు దాంట్లో చెల్లాచెదురవుతాయి. ల్యాబ్‌కి 12×36 షీట్లు పంపాలి, ముహూర్తాల సీజన్లో ప్రయోగాలకి టైమ్ లేదు, అందుకని రెండో సిస్టమ్‌లో విండోస్ ఉంచి, ఈసారి డబ్బు పెట్టి అసలుది కొన్నా. యూట్యూబ్ లైవ్ పెళ్ళిళ్ళకి మాత్రం ఓబీఎస్ స్టూడియో లినక్స్ మీద రాయిలా నిలబడింది, దానికి విడిగా ఐదుకి ఐదు.

ఇక డెలివరీ, మా మేనల్లుడికీ నాకూ అసలు తగాదా ఇక్కడే. వాడేమో "ఏవీ1లో రెండర్ కొట్టు మామయ్యా, రాయల్టీ లేదు, సైజు తక్కువ" అంటాడు. నిజమే, 2015లో గూగుల్, మొజిల్లా, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్, సిస్కో, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి కూటమి కట్టి, 2018లో బయటపెట్టిన పద్ధతి అది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని. కొట్టి ఒక పెన్‌డ్రైవ్ తెనాలి పంపించా. రెండో రోజు పెళ్ళికొడుకు తల్లి ఫోన్, "నాయనా, మా టీవీలో బొమ్మ రావట్లా, చుట్టాలందరూ కూర్చుని ఉన్నారు." ఆరేళ్ళ కిందటి టీవీ అది, దానికి ఏవీ1 అంటే ఏం తెలుసు. మళ్ళీ హెచ్.264లో కొట్టి బస్సులో పంపించా. టీవీ కంపెనీ ఎప్పుడో డబ్బు కట్టేసింది కాబట్టి అది ఆడుతుంది, స్వేచ్ఛగా ఇచ్చింది ఆడదు! పైగా 2019లోనే సిస్వెల్ అనే సంస్థ ఏవీ1కి కూడా మా దగ్గర పేటెంట్లున్నాయి, డబ్బు కట్టండి అని కౌంటర్ తెరిచింది. ఉచితమని ఇచ్చినవాడు ఉచితమన్నంత మాత్రాన మూడోవాడు ఊరుకుంటాడన్న హామీ లేదు. సిస్కో ఇంకో దారి పట్టింది, 2013లో ఓపెన్‌హెచ్264 అని ప్రకటించి, మా సర్వర్ నుంచి తయారుగా ఉన్నది దించుకుంటే ఆ లైసెన్సు డబ్బు మేం కట్టుకుంటాం అంది. పుణ్యమే, కానీ కోడ్ బయటే ఉన్నా మీరు మార్చి కట్టుకున్నదానికి ఆ గొడుగు ఉండదు.

మన దేశంలో ఏంటి పరిస్థితి అని అడిగా. పేటెంట్ చట్టం 1970లో సెక్షన్ 3(కె) అని ఒకటుంది, కంప్యూటర్ ప్రోగ్రామ్ దానంతట దానికి, లెక్కల పద్ధతులకి, వ్యాపార పద్ధతులకి పేటెంట్ ఇవ్వరు. 2004 చివర్లో ఆర్డినెన్స్‌తో ఈ తలుపు కాస్త తెరవబోయారు, 2005లో పార్లమెంటులో ఆ మార్పు నిలబడలేదు. అదే ఏడాది జూలై 6న యూరప్ పార్లమెంటు కూడా సాఫ్ట్‌వేర్ పేటెంట్ల ప్రతిపాదనని 648కి 14 ఓట్లతో కొట్టేసింది. మళ్ళీ 2015 ఆగస్టులో మన పేటెంట్ ఆఫీసు తెచ్చిన మార్గదర్శకాలు తలుపు తీసేలా ఉన్నాయని గోల లేస్తే డిసెంబరులో ఆపేసి, 2016లో కొత్తవి ఇచ్చారు, 2017లో మళ్ళీ దిద్దారు. అలాగని అంతా మూసి ఉందనుకోవద్దు, సాంకేతిక ప్రభావం ఉందని చూపిస్తే ఇస్తారు, ఆ మాట 2019లో ఢిల్లీ హైకోర్టు కూడా అంది. ఇక డీవీడీ ప్లేయర్లు తయారుచేసేవాళ్ళ మీద ఫిలిప్స్ వేసిన కేసులో 2018లో రాయల్టీ కట్టమని తీర్పు కూడా వచ్చింది. అమెరికాలోనూ 2014లో ఆలిస్ కేసులో, మామూలు ఆలోచనకి "కంప్యూటర్‌లో" అని తోక తగిలిస్తే పేటెంట్ కాదని సుప్రీంకోర్టు అన్నాక కొంత గాలి తిరిగింది. కానీ మనకి చట్టం ఎంత మెత్తగా ఉన్నా, మనం దించుకునే లినక్స్ తయారయ్యేది అక్కడి లాయర్ల నీడలో కాబట్టి, నల్ల తెర అరండల్‌పేట దాకా వస్తుంది.

దుగ్గిరాల పసుపు యార్డు మనకి పక్కనే. గాయానికి పసుపు రాస్తే మానుతుందని 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చేస్తే మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ వాళ్ళు పాత గ్రంథాలు, పాత పత్రికలు ముందేసి 1997లో రద్దు చేయించారు. మా నాయనమ్మకి చెప్తే నవ్వి ఉండేది. సాఫ్ట్‌వేర్‌లో కష్టం ఏంటంటే పాతికేళ్ళ కిందట ఎవరో కుర్రాడు రాసి పారేసిన ప్రోగ్రామే ఆ పాత గ్రంథం, అది ఎక్కడుందో వెతికి కోర్టులో పెట్టేవాడు ఉండాలి. కోడ్ అంతా తేదీతో సహా బయట పెట్టి ఉంచడం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇక్కడే కలిసొస్తుంది, ఇది మా వాడు చెప్పిన మాట, నాకు సబబుగానే తోచింది.

కొత్తగా పెట్టుకునేవాళ్ళకి: మింట్ ఎక్కించేటప్పుడు ఆ కోడెక్ గడికి టిక్ మర్చిపోవద్దు, ప్రాక్సీలకి విడిగా ఒక ఎస్‌ఎస్‌డీ పెట్టుకోండి, పార్టీకి ఇచ్చే కాపీ ఎప్పుడూ హెచ్.264 ఎంపీ4లోనే ఇవ్వండి, కార్డు ఫార్మాట్ మాత్రం పెన్‌డ్రైవ్ వాళ్ళింట్లో టీవీలో ఆడిందని ఫోనొచ్చాకే కొట్టండి. తెలుగులో సాయం కావాలంటే స్వేచ్ఛ అనే సంస్థ కుర్రాళ్ళు ఏళ్ళుగా తెలుగు రాష్ట్రాల్లో ఈ పనిమీదే ఉన్నారు, కాలేజీల్లో అడిగితే ఎవరో ఒకరు తగులుతారు. మా వాడైతే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయేలోపు రెండో సిస్టమ్ కూడా మార్చేస్తానని కూర్చున్నాడు, శ్రావణం ముహూర్తాలు అయ్యేదాకా దాని జోలికి రావద్దని చెప్పా.